లైను వార ప్లాటు

"ఆగ్నేయంలో లేకపోతే అది వంటిల్లే కాదు," అంది చిట్టెమ్మ మూడోసారి. "మీరు దానికి ఇంకేటైనా పేరెట్టుకోండి."

నేల మీద పరిచిన, కొనబోయే ప్లాటు మ్యాపు చుట్టుకుపోకుండా ఒక మూల కందిపప్పు డబ్బా, ఇంకో మూల వినోద్ సెల్‌ఫోను పెట్టి ఉన్నాయి. మీనాకుమారి మోకాళ్ళ మీద వంగి గోరుతో ఒక గీత గీసింది.

"అత్తా, ఆగ్నేయంలో పెడితే నా కిటికీకి పక్కింటి గోడ అడ్డొస్తాది. ఇటు పెడితే పార్కు కనిపిస్తాది. రోజంతా పొయ్యికాడ నిలబడేది నానే గదా."

"పార్కు సూస్తా వండితే పప్పు ఉడకదని నాననలేదు. ఉడుకుద్ది. తిన్నోడికే అరగదు."

"అమ్మా, వాస్తు సంగతి కంపెనీవోళ్ళు చూసుకున్నారు," అన్నాడు వినోద్. "మనం చూడాల్సింది నంబరొక్కటే. ఎ-పద్నాలుగు. క్లబ్‌హౌసుకి ఎదురుగా. ఇంకో వారం ఆగితే అది ఉండదు."

మూడు రోజులుగా, ఆ బెంగాలీ రైల్వే ఊళ్ళో, ఓల్డ్ సెటిల్‌మెంట్ పేటలోని ఆ రెండు గదుల క్వార్టరులో ఇంకా కట్టని వంటిల్లు తిరుగుతూనే ఉంది. పొద్దున ఆగ్నేయంలో ఉంటుంది. సాయంత్రానికి పార్కు వైపు వస్తుంది. గడప మీద కూర్చుని, ప్లాస్టిక్ బేసిన్‌లో ఉప్పు కలిపిన వేడినీళ్ళలో కాళ్ళు పెట్టుకున్న రాధారాణి వాళ్ళ మాటలు వింటూనే ఉంది గాని, కుడి బూటు కరిచిన చోట మంట తగ్గుతుందా లేదా అన్నదాని మీదే ఆమె ధ్యాసంతా.

"అక్కడ నేల ఎలగుంటాది?" అని అడిగింది.

ఎవరూ వినిపించుకోలేదు. మూలన పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న వినోద్ కూతురు శ్రీవిద్య మాత్రం తలెత్తి, "ఎర్రమట్టి అత్తా. ఫొటోలో అలగే ఉంది," అంది.

వినోద్ సంచిలోంచి ఫారం తీసి అక్క పక్కన కూర్చున్నాడు. ఖరిదా బజారులో అతనికి చిన్న జిరాక్స్ దుకాణం ఉంది. పాన్ కార్డులు, స్కాలర్‌షిప్పులు, పాస్‌పోర్టులు, అన్నిటికీ దరఖాస్తులు నింపి పెడతాడు. ఊళ్ళో సగం మంది జీవితాలు అతని వేళ్ళ మీదుగానే గడుల్లోకి వెళ్ళాయి. అతని దస్తూరీ అచ్చులా ఉంటుంది. 'స్వప్ననీడ్ టౌన్‌షిప్', అంటే కలల గూడు, అని పైన ఆకుపచ్చ అక్షరాలు. కింద రాధారాణి పేరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు దేముడు, ఆ పక్కన 'లేట్'.

"ఇక్కడొక సంతకం అప్పా. ఇక్కడొకటి."

ఇంగ్లీషు చదవడం రాధారాణికి నిదానంగా సాగే పని. చదవకుండా సంతకం పెట్టే అలవాటు కూడా ఆమెకు లేదు. వేలు పెట్టి కిందికి వస్తూ ఉద్యోగం అన్న గడి దగ్గర ఆగింది. ఆఫీస్ సూపరింటెండెంట్, ఇంజనీరింగ్ డిపార్ట్‌మెంట్.

"ఇదేట్రా?"

వినోద్ గొంతు తగ్గించాడు. "డిపార్ట్‌మెంటు నిజమే గదా. పట్టాలు ఇంజనీరింగ్ కిందికే వస్తాయి గదా."

"నాను ఆఫీసులో పనిసేస్తన్నానా?"

"అక్కడున్నోళ్ళంతా బ్యాంకు మేనేజర్లు, కాలేజీ మాస్టర్లు అప్పా. రేపు మన గుంట శ్రీవిద్య ఆళ్ళ పిల్లల్తో ఆడుకోవాల. గ్యాంగు అని రాస్తే..." మిగతాది మింగేశాడు. "నన్ను ఇస్కూల్లో ఏటని పిలిచేవోరో నీకు తెలుసు. ఇది ఒక్క గడి. ఎవరికి నష్టం?"

ఇరవై ఆరేళ్ళుగా రాధారాణి పట్టాల మీద పనిచేస్తోంది. నాలుగేళ్ళుగా పదకొండు మంది ఉన్న ట్రాక్ గ్యాంగుకి ఆమే మేటు, పని చేయించే పెద్ద. ఇంటికి లోను ఆ జీతం మీదే వస్తుంది. ఇంకా పన్నెండేళ్ళ సర్వీసు ఉంది కాబట్టే బ్యాంకు ఇస్తానంటోంది. ఈ సంగతి ఆ గదిలో అందరికీ తెలుసు. తెలిసిన సంగతే గనక ఎవరూ ఎత్తరు.

"సేతులు తడిగున్నాయి," అంది. "అక్కడ పెట్టు. ఆదివారం సోటు సూసొచ్చినాక పెడతాను."

"బుధవారం లోపు ఇచ్చీవాల అప్పా."

"ఇద్దాం."

చిట్టెమ్మ మ్యాపు మీదినుంచి కళ్ళు తిప్పకుండానే అంది: "తమ్ముడు రాసిందానికి వంకెట్టకే రాధా. ఆడికి తెల్దేటి."

రాధారాణి బేసిన్‌లోంచి కాళ్ళు తీసి, నీళ్ళు పెరట్లో పారబోయడానికి లేచింది.

*

ఆదివారం ఆమె నీలం పట్టుచీర కట్టుకుంది. మీనాకుమారి బలవంతం మీద చేతులకు కొబ్బరినూనె రాసుకుంది. బైపాస్ మీద ఆటో దిగగానే పెద్ద ఇనప గేటు, దాని పక్కన గొడుగు కింద వాచ్‌మన్. లోపల నల్లటి తారు రోడ్లు, వెదురు కంచెల్లో బారెడు మొక్కలు, నంబర్లు రాసిన సిమెంటు దిమ్మెలు. ఇరవై ఇళ్ళ దాకా లేచాయి. మిగతాదంతా చదును చేసిన ఎర్రనేల.

ప్లాట్లు చూపించే అతని పేరు హెన్రీ. సౌత్ సైడు రైల్వే కాలనీలోని ఆంగ్లో ఇండియన్ కుటుంబం, చక్కగా ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా. వాళ్ళను బ్యాటరీ బండిలో ఎక్కించుకుని, హిందీలో, ఎక్కువగా వినోద్‌తోనే మాట్లాడాడు. ఇక్కడ స్విమ్మింగ్ పూల్ వస్తుంది. ఇక్కడ మందిరం. ఇక్కడ పిల్లల పార్కు. చిట్టెమ్మ మందిరం వస్తుందన్న ఖాళీ నేలకి దండం పెట్టింది.

ఎ-పద్నాలుగు దగ్గర అందరూ దిగారు. వినోద్ ప్లాటు మధ్యకు వెళ్ళి చేతులు చాపి నిలబడ్డాడు. మీనాకుమారి తన కిటికీ ఎక్కడొస్తుందో అడుగులు వేసి చూసుకుంది. శ్రీవిద్య ఫొటోలు తీస్తోంది.

రాధారాణి రోడ్డు అంచున నిలబడి ఎడమ వైపు చూసింది, కుడి వైపు చూసింది. ఏదో తేడాగా ఉంది. ఏమిటో అర్థం కాలేదు. ఒళ్ళు తనంతట తానే వంగింది. చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ మధ్యకు లాక్కుని, గొంతుక్కూర్చుని, ఎడమ అరచెయ్యి నేలకు ఆనించి, చెంప దాదాపు రోడ్డు అంచు రాయికి తగిలేంత కిందికి దించి, ఒక కన్ను మూసి అంచు పొడుగునా చూసింది. పట్టా మీద రోజుకు ముప్పై నలభైసార్లు చేసే పనే. గేటు వైపు నుంచి రాళ్ళ వరస సాఫీగా వచ్చి, పన్నెండో నంబరు దగ్గర దిగడం మొదలుపెట్టి, పద్నాలుగు ముందు గిన్నెలా పల్లమై, పదహారు దగ్గర మళ్ళీ లేచింది.

"ఇక్కడ పల్లముంది," అంది కూర్చునే. "రెండంగుళాలు పైనే. నాలుగు దిక్కుల నీరూ ఇక్కడికే ఒస్తాది."

వినోద్ గబగబా వచ్చి ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. "లెగు అప్పా. అందరూ సూస్తన్నారు."

అందరూ అంటే హెన్రీ, బండి నడిపేవాడు, ఎదురింటి బాల్కనీలో బట్టలు ఆరేస్తున్న పనిమనిషి. మీనాకుమారి ముఖం పక్కకు తిప్పుకుంది. హెన్రీ నవ్వి, "కంప్యూటర్ సర్వే చేయించాం మేడమ్. లెవెల్ పక్కా," అన్నాడు. రాధారాణి లేచి, చీరకంటిన ఎర్రమట్టి దులుపుకుంది. మట్టి పట్టుకు ఇంకా అంటుకుపోయింది.

తర్వాత క్లబ్‌హౌసులో టీ. కొనబోయేవాళ్ళు అక్కడ ఉంటున్నవాళ్ళతో కలిసి మాట్లాడుకోవాలట. ఒక పెద్దావిడ వచ్చి రాధారాణి పక్కన కూర్చుంది. నెరిసిన జుట్టు, పలచటి బెంగాలీ నూలుచీర, కళ్ళద్దాలకు గొలుసు. చాలా మర్యాదస్తురాలు. తనే లేచి వెళ్ళి బిస్కట్ల ప్లేటు తెచ్చి ముందు పెట్టింది.

"మీరు రైల్వేలో అని మీ తమ్ముడు చెప్పాడు. ఎక్కడ?" అని బెంగాలీలో అడిగింది.

గదికి ఆ చివర వినోద్ కప్పు పట్టుకుని ఇటే చూస్తున్నాడు.

"ఆఫీసులో," అంది రాధారాణి. "ఇంజనీరింగ్."

అంత సులువుగా వస్తుందని ఆమె అనుకోలేదు. నోట్లోంచి మాట జారి బిస్కట్ల పక్కన పడి, అక్కడే ఎప్పటినుంచో ఉన్నట్టు కూర్చుంది.

"అదృష్టవంతులు. కూర్చుని చేసే పని. నేను స్కూల్లో ముప్పై ఏళ్ళు నిలబడే చేశాను, ఇప్పుడు మోకాళ్ళు చూడండి." ఆవిడ నవ్వింది. "ఎ బ్లాక్ తీసుకుంటున్నారు, మంచిపని చేస్తున్నారు దీదీ. మాలాగా సి బ్లాక్ జోలికి పోకండి. వెనక మేదినీపూర్ లైను. రైళ్ళ గోల సరే, అలవాటవుతుంది. మధ్యాహ్నాలు ఆ లైను కూలీలు మా గోడ వెనక చెట్ల నీడన కూర్చుని తింటారు. వాళ్ళలో ఆడవాళ్ళూ ఉంటారు, కాళ్ళు బార్లా చాపుకుని. మా కోడలు మేడ మీదికి బట్టలు తీయడానికి వెళ్తే ఎదురుగా అదే దృశ్యం. గోడ బయట మూడడుగుల జాగా మనదే గదా. అక్కడ ముళ్ళకంచె వేయించమని అసోసియేషన్‌లో పెట్టాం. వచ్చే నెల మీటింగులో తేలుతుంది."

క్రితం వారం ఆ నీడలో కాళ్ళు చాపుకుని కూర్చున్నది తనే. ఉల్లిపాయ పిడికిలితో చితక్కొట్టుకుని చద్దన్నం తిన్నది.

"అవునా," అంది రాధారాణి. ఆవిడ ఇంకేదో వినాలన్నట్టు చూస్తోంది. "అవున్లెండి. ఇబ్బందే."

చేతులు రెండూ కొంగు కిందికి వెళ్ళాయి. టీ చల్లారి మీగడ కట్టేదాకా మళ్ళీ బయటికి రాలేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో వినోద్ ఎంతో ప్రేమగా, "బాగా మాట్లాడినావు అప్పా," అన్నాడు.

*

సోమవారం గ్యాంగుకి మేదినీపూర్ లైను మీదే పని పడింది. ఒకచోట పట్టా కుంగిందని, బండి ఊగుతోందని డ్రైవరు రిపోర్టు ఇచ్చాడు. పదింటికి బ్లాక్ దొరికింది. గంటా పావు సేపు ఆ లైను మీద రైలు రాదు.

రాధారాణి పట్టాల కింద అడ్డంగా పరిచిన దిమ్మెల్ని, ముప్పై స్లీపర్లని, దాటి అవతలికి నడిచి వెళ్ళి, బోర్లా పడుకున్నంత పని చేసి, పట్టా తల మీదుగా చూసింది. వేడికి గాలి అలలు అలలుగా కదులుతోంది. అలలకు వెనక అసలు కుంగు ఎక్కడుందో పట్టుకోవాలి. దొరికింది. అరచెయ్యి పైకి తిప్పి కొద్దిగా ఎత్తింది. అవతల జాక్ దగ్గర నూకయ్య కడ్డీ వత్తాడు. పట్టా లేచింది. ఇంకొంచెం అన్నట్టు ఆమె వేళ్ళు కదిలాయి. ఇంకొంచెం. చెయ్యి అడ్డంగా ఊపింది. చాలు. వెంటనే ఎనిమిది మంది రెండు వైపులా నిలబడి బీటరు గునపాలతో కంకర స్లీపరు కిందికి కుక్కడం మొదలుపెట్టారు. ఆమె ఒక స్లీపరు జరిగి, మళ్ళీ వంగింది.

ఆ గంటంతా ఎవరూ మాట్లాడుకోలేదు. ఆమె చెయ్యి ఎటు తిరిగితే అటు పదకొండు మంది చూపులూ తిరిగాయి. బ్లాక్ అయ్యాక మొదటి లోకల్ వచ్చింది. అందరూ పక్కకు దిగి నిలబడ్డారు. పట్టా వణకలేదు. ఒక్క స్లీపరు కూడా కిందికి ఊగలేదు.

"బండిలో గ్లాసుతో నీళ్ళెట్టుకుని ఎల్లొచ్చు మేటూ, తొణకవు," అన్నాడు నూకయ్య చెమట తుడుచుకుంటూ. వచ్చే ఏడాది రిటైరయ్యే మనిషి, గ్యాంగులో అందరికంటే పెద్ద. "పదండి, ఆకలేస్తంది."

గుడ్డ సంచులు భుజాన వేసుకుని అందరూ ఎప్పటిలాగే టౌన్‌షిప్ గోడ వైపు నడిచారు. లోపలి చెట్ల కొమ్మలు గోడ మీదుగా బయటికి వంగి అక్కడ చాపంత నీడ పరిచాయి. కిలోమీటరు మేర ఇంకెక్కడా నీడ లేదు. గోడకు పైన, దూరంగా, ఒక మేడ మీద బట్టలు ఆరేసి ఉన్నాయి.

రాధారాణి ఆగిపోయింది.

"అక్కడొద్దు," అంది.

"ఏటైనాది?"

"ముందుకెల్దాం. గుమ్టీ కాడ కూకుందాం."

"గుమ్టీకి కప్పు లేదు గదా దీదీ," అంది కొత్తగా చేరిన ఒరియా పిల్ల.

"సెప్పినాను గదా. పదండి."

మేటు మాట. ఎవరూ ఎదురు చెప్పలేదు. ఒకప్పుడు గేటు కాపలాదారు ఉన్న ఆ పాడుబడిన గుమ్టీ గదిలో, మోకాలెత్తు మిగిలిన గోడల మధ్య, నెత్తిన తువ్వాళ్ళు వేసుకుని కూర్చున్నారు. ఎండ నిట్టనిలువుగా పడుతోంది. టిఫిన్ మూతలు కాలుతున్నాయి. ఒరియా పిల్ల నాలుగు ముద్దలు తిని, వాంతి వచ్చేలా ఉందని అన్నం సంచిలో పెట్టేసింది. నూకయ్య తన గొడుగు ఆ పిల్ల చేతికిచ్చి, తను వీపు ఎండకు తిప్పి కూర్చున్నాడు. అతని మెడ మీద చెమట పొంగి చొక్కాలోకి కారుతోంది.

"ఎవరైనా ఏటైనా అన్నారేటి మేటూ?" అన్నాడు కాసేపటికి.

"ఎవురూ ఏటనలేదు."

"ఎవురూ అనకుండానే లెగిసొచ్చీసినామా?" అన్నాడు. ఎత్తిపొడుపేమీ లేదు, నిజంగానే అడుగుతున్నాడు. టిఫినులోకి వంగి, "సరే. నీడ మన సొత్తు కాదు గదా," అన్నాడు.

ఆమె అన్నం కలుపుతూనే ఉంది. ముద్ద చెయ్యలేదు. ముప్పై స్లీపర్ల అవతలినుంచి తన వేలు కదిలితే జాక్ ఎత్తే మనుషులు. నిన్న మధ్యాహ్నం తను ఒక కప్పు టీ పట్టుకుని వాళ్ళను ఇబ్బంది అన్నది. ఇవాళ ఆ మాటకు కాపలాగా వాళ్ళందరినీ తెచ్చి ఎండలో కూర్చోబెట్టింది. మేడ మీద బట్టలు తీయడానికి ఎవరూ రాలేదు కూడా.

*

ఆ రాత్రి గట్టిగా వాన పడింది. మంగళవారం మధ్యాహ్నం డ్యూటీ దిగాక రాధారాణి ఇంటికి వెళ్ళలేదు. నారింజ రంగు చొక్కా, బూట్లు అలాగే ఉంచుకుని, సైకిలు మీద బైపాస్ వైపు తొక్కింది.

గేటు దగ్గర వాచ్‌మన్ చెయ్యి అడ్డం పెట్టాడు. "లేబర్ గేటు వెనకాల."

"ఆచ్ఛా," అని ఆమె సైకిలు తిప్పి పది అడుగులు నడిచింది. అక్కడ ఆగింది. వెనక్కి వచ్చి, "హెన్రీ బాబుని పిలు. ప్లాటు గురించి వచ్చినానని చెప్పు," అంది.

హెన్రీ ముందు చొక్కాను చూశాడు, తర్వాత బూట్లను చూశాడు, ఆఖరున ముఖాన్ని చూశాడు. గుర్తుపట్టడానికి క్షణం పట్టింది.

"మేడమ్! ఆదివారం వచ్చారు కదూ, తమ్ముడితో. రండి, రండి. మీరు డివిజన్ ఆఫీసులో..."

"ఆఫీసు కాదు బాబూ. గ్యాంగు. పట్టాల మీద పని." చెప్పేసి, ఏమంటాడోనని చూసింది.

హెన్రీ కుర్చీ లాగి వేశాడు. "మా నాన్న లోకో షెడ్డులో బొగ్గు వేసేవాడు," అన్నాడు ఫైలు వెతుకుతూ. "కూర్చోండి, టీ చెప్తాను."

"మా తమ్ముడు ఫారంలో ఇంకోటి రాశాడు. అది మార్చాలి."

"ఉద్యోగం గడా?" హెన్రీ నవ్వాడు. "అది ఎవరూ చదవరు మేడమ్. బ్యాంకు జీతం కాగితం చూస్తుంది, మేం బ్యాంకు కాగితం చూస్తాం. మీరు ఆ గడిలో ఏం రాసినా మాకు ఒకటే."

ఎవరూ చదవరు. రాధారాణికి నవ్వు రాలేదు, కోపమూ రాలేదు. ఒళ్ళంతా ఒక్కసారిగా అలసట దిగింది, బరువు దించాకే భుజం నొప్పి తెలిసినట్టు.

"నేల ఒకసారి చూడాలి," అంది లేస్తూ.

ఎ-పద్నాలుగు ముందు రోడ్డు మీద చీలమండ లోతున ఎర్రనీళ్ళు నిలిచి ఉన్నాయి. ప్లాటులో సగం దూరం వరకు నీళ్ళే. సిమెంటు దిమ్మె నీళ్ళలో తన నంబరును తలకిందులుగా చూసుకుంటోంది. "పంపు పెట్టి తోడిస్తున్నాం," అన్నాడు హెన్రీ. ఆమె తలూపింది.

"సి బ్లాక్ చూపించండి."

"అది మీకు నచ్చదు. లైను పక్కన. ఇప్పటికి రెండే అమ్ముడుపోయాయి."

నడుచుకుంటూ వెళ్ళారు. బండి తెస్తానంటే ఆమె వద్దంది. వెళ్తున్నకొద్దీ నేల పాదాల కింద మెల్లగా ఎక్కుతున్నట్టు తెలుస్తోంది. తొమ్మిదో నంబరు దగ్గర నిలబడింది. అంత వాన పడ్డాక కూడా గులకరాళ్ళు కలిసిన మట్టి బూటు కింద గరగరలాడింది. గొంతుక్కూర్చుంది. ఈసారి ఎవరూ మోచెయ్యి పట్టుకోలేదు. రోడ్డు అంచు పొడుగునా చూసింది. ఎక్కడా వంపు లేదు. నీరు బయటికి వెళ్తుంది, ప్లాటు లోపలికి రాదు. పట్టా వేసేవాళ్ళు ఎప్పుడూ మెరకే ఎంచుకుంటారు.

గోడ అవతలినుంచి గూడ్సు వచ్చింది. నేల సన్నగా కదిలింది. హెన్రీ సంజాయిషీ చెప్పబోతూ ఆగాడు. ఆమె తల ఒక పక్కకు వంచి వింటోంది. పెట్టె తర్వాత పెట్టె, నిన్న వాళ్ళు ఎత్తి కుక్కిన చోటు మీదుగా ఒకే శ్రుతిలో దాటిపోయాయి.

"గోడ బయట ముళ్ళకంచె వేస్తారట కదా," అంది గూడ్సు వెళ్ళాక.

"అసోసియేషన్ అడుగుతోంది. మీటింగులో ఓటు పెడతారు."

"ఎవరెవరికి ఓటు?"

"కొన్నవాళ్ళందరికీ. ఒక ప్లాటుకి ఒక ఓటు."

"వచ్చే నెల మీటింగుకి నాకుంటుందా?"

"ఈ వారం బుకింగ్ అయితే ఉంటుంది."

ఆఫీసుకి తిరిగి వచ్చి కొత్త ఫారం అడిగింది. నేను నింపుతానని హెన్రీ అన్నా పెన్ను ఇవ్వలేదు. పెద్ద ఇంగ్లీషు అక్షరాలు, ఒక్కొక్కటీ గడి నిండా. పేరు దగ్గర తన పేరు. రెండో యజమాని అన్న చోట గీత కొట్టేసింది. ఉద్యోగం దగ్గర, ఎవరూ చదవని ఆ గడిలో, అన్నిటికంటే నెమ్మదిగా రాసింది. ఒక అక్షరం తప్పుపోతే కొట్టేసి పైన దిద్దింది. నింపడానికి ముప్పావుగంట పట్టింది. సంతకం పెట్టి, బుకింగ్ చెక్కు పిన్ను గుచ్చి ఇచ్చి, సైకిలెక్కింది.

*

ఆ సాయంత్రం వంటిల్లు మళ్ళీ ఆగ్నేయంలో ఉంది. మీనాకుమారి వడ్డిస్తూ, కిటికీ పెద్దది పెడితే ఎక్కడున్నా ఒకటేనని రాజీకి వచ్చింది. గెలిచానని చిట్టెమ్మకు నమ్మకం కుదరక, "కిటికీ పెద్దదైతే దొంగలకి సులువు," అంటోంది. కింద వరసగా కూర్చున్నారు అందరూ. చారు, వంకాయ వేపుడు, అప్పడం.

"అప్పా, రేపే బుధవారం," అన్నాడు వినోద్. "తిన్నాక ఆ సంతకాలు పెట్టెయ్యి."

"ఆ ఫారం అక్కర్లేదు," అంది రాధారాణి. అన్నంలో చారు పోసుకుని కలుపుతోంది. "ఇవాళ ఎల్లి ఇంకోటి ఇచ్చీసినాను."

వినోద్ చెయ్యి నోటి దగ్గర ఆగింది. "ఎవరు నింపినారు?"

"నానే."

"ఎ-పద్నాలుగే గదా?"

"కాదు. సి-తొమ్మిది."

ఆ నంబరు ఎక్కడుందో మ్యాపు అక్కర్లేకుండానే వాళ్ళందరికీ తెలుసు. మీనాకుమారి గరిటె గిన్నెలో పెట్టేసింది. శ్రీవిద్య తండ్రి ముఖంలోకి చూసింది.

"పద్నాలుగులో నీరు నిలబడిపోనాది. ఇవాళ కళ్ళారా సూసినాను," అంది రాధారాణి. "తొమ్మిది మెరక. ప్లాటు నా పేరున రాయించినాను. నా ఒక్కదాని పేరునే."

"నీ పేరునా?" అంది చిట్టెమ్మ. "మరి ఆడు?"

"ఆడుంటాడు. నువ్వుంటావు. మీనా, గుంటా ఉంటారు. ఎవుర్నీ పొమ్మనలేదు. ఆ ఇంట్లో ఎవురున్నా, నాను ఏటి పనిసేస్తన్నానో ఎవురైనా అడిగితే ఉన్నదే సెప్పాల. ఆదివారం నాను సెప్పలేదు. ఇంక అలగ కుదరదు."

గొంతు పెంచలేదు. ఉప్పు అందుకోమన్నట్టే ఉంది మాట. వినోద్ కంచంలోంచి చెయ్యి తీసేశాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి, చిన్నప్పుడు ఇస్కూలు నుంచి వచ్చిన రోజుల్లోలాగే. ఆమెకది కనబడింది. కనబడినా మాట వెనక్కి తీసుకోలేదు.

"అది లైను వార ప్లాటు అప్పా," అన్నాడు ఆఖరికి. "పగలంతా రైళ్ళు. గోడవతల గ్యాంగోళ్ళు. లైను పక్కన ఎవరుంటారు?"

"నానుంటాను," అంది రాధారాణి. "మీరు ఆలోసించుకోండి."